సినిమా, యానిమేషన్, ప్రదర్శన: కాలాన్ని కొలిచి కళను చదవడం ఎలా?

ఫైన్ ఆర్ట్స్‌లో చేరబోయేవారు, సినిమా కోర్సుల ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతున్నవారు, ఏ కోర్సూ అక్కర్లేదు గానీ చూడటం నేర్చుకుంటే చాలనుకునేవారు, అందరూ తిరిగి తిరిగి అడిగేది ఒకటే: కదిలే కళను ఎలా చదవాలి, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? పుస్తకం తరవాత చూద్దాం. ముందు ఫోనులో స్టాప్‌వాచ్ తెరవండి.

గోడకు వేలాడే చిత్రం ముందు మీకు నచ్చినంతసేపు నిలబడవచ్చు. సినిమా, యానిమేషన్, నాట్యం, నాటకం మీకు ఆ స్వేచ్ఛ ఇవ్వవు. దేన్ని ఎంతసేపు చూడాలో అవే తేలుస్తాయి. చిత్రకారుడికి రంగు ఎలాగో వీటికి సెకను అలా ముడిసరుకు. ఆ సెకన్లను లెక్కపెట్టకుండా ‘లయ బాగుంది’, ‘సాగదీశారు’, ‘ఎడిటింగ్ పదునుగా ఉంది’ అని రాసేవన్నీ గాలిమాటలే. ముందు కొలవండి, ఆ తరవాతే అభిప్రాయం చెప్పండి. కింద ఉన్న అభ్యాసాలన్నీ ఈ ఒక్క అలవాటు కోసమే.

ఇదేదో పరాయి పద్ధతి అనుకోనక్కర్లేదు. దర్శకులు కె.వి. రెడ్డి రిహార్సల్స్‌లోనే స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశాల నిడివి లెక్కగట్టేవారన్నది తెలుగు సినీరంగంలో అందరికీ తెలిసిన మాటే. తీసేవారు సెకన్లు లెక్కపెట్టుకున్నప్పుడు చదివేవారికి ఆ లెక్క ఎందుకు వద్దు?

కావలసినవి

స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు, 30 సెంటీమీటర్ల స్కేలు, కొన్ని తెల్ల కాగితాలు, ఒక రూపాయి బిళ్ళ, ఫోనును కదలకుండా నిలబెట్టడానికి ఏదో ఒక ఆధారం. కంప్యూటర్ ఉంటే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి, ఉచితం. ఫోనులో బొమ్మలు ఒక్కొక్కటిగా తీసి కలపడానికి స్టాప్ మోషన్ స్టూడియో లాంటి యాప్ ఒకటి చాలు.

ఇవిగాక మరో మనిషి కావాలి. ఇంట్లో వాళ్ళో స్నేహితులో, ఎవరైనా ఫరవాలేదు. మీ కొలతలు సరిచూడటానికి రెండో జత కళ్ళు తప్పనిసరి.

కెమెరా, డ్రాయింగ్ ట్యాబ్లెట్, ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఇప్పుడే కొనకండి. వాటితో ఆడుకోవడంలోనే మొదటి నెల గడిచిపోతుంది.

1. మూడు నిమిషాల సన్నివేశాన్ని ఎంచుకోండి

మీకు ప్రాణమైన సినిమా వద్దు. అభిమానం ఉన్నచోట కన్ను కథలోకి జారుకుంటుంది. ఒక మోస్తరుగా నచ్చిన సినిమా తీసుకోండి. అందులో ఇద్దరు ముగ్గురు ఒకచోట మాట్లాడుకునే సన్నివేశం వెతకండి. మొదటిసారికి పాట, పోరాటం వద్దు. పాటలో కట్‌లు (కెమెరా ఆపకుండా తీసిన ఒక్కో ముక్క షాట్, ఒక షాట్ ఆగి మరోటి మొదలయ్యే చోటు కట్) చాలావరకు సంగీతానికి లోబడి ఉంటాయి. పోరాటంలో అవి మరీ దగ్గరదగ్గరగా పడి లెక్క తప్పిస్తాయి. సన్నివేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా ఉండాలి: తలుపు తెరిచినప్పటి నుంచి తలుపు మూసేదాకా, అన్నట్టు.

హెచ్చరిక: ఏ ప్రతిని వాడుతున్నారో చూసుకోండి. ఇంటర్నెట్‌లో ఎవరో అనుమతి లేకుండా పెట్టిన ముక్కల్లో పట్టుబడకుండా ఉండటానికి వేగం కాస్త పెంచినవి, కుడిఎడమలు తిప్పినవి ఉంటాయి. వాటిమీద కొలిచిన కొలత దేనికీ పనికిరాదు. టీవీ ప్రతులతో మరో చిక్కు ఉంది. సెకనుకు 24 ఫ్రేములతో (ఫ్రేమంటే ఒక్కో నిశ్చల చిత్రం) తీసిన సినిమాను మన టీవీ పద్ధతికి తగ్గట్టు 25 ఫ్రేములతో నడిపితే నాలుగు శాతం వేగం పెరుగుతుంది. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి రెండు సినిమాలను పోల్చేటప్పుడు రెండూ ఒకే రకం ప్రతులై ఉండాలి. వీఎల్‌సీలో టూల్స్ మెనూ కింద కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ఫ్రేముల వేగం కనిపిస్తుంది. అక్కడ 23.976 అని ఉంటే కంగారుపడకండి, దాన్ని 24 కిందే లెక్కవేసుకోవచ్చు.

2. చూసి, అంచనా రాసి, పక్కన పెట్టండి

సన్నివేశాన్ని ఆపకుండా ఒక్కసారి చూడండి. వెంటనే మూడు అంచనాలు రాయండి: మొత్తం ఎన్ని షాట్లు ఉన్నాయి, అన్నిటికన్నా పొడవైన షాట్ ఏది, ఎక్కడ మీకు కాలం నెమ్మదించినట్టు అనిపించింది. ఈ కాగితాన్ని దాచండి. తొలి అంచనాకూ అసలు లెక్కకూ చాలామందికి పెద్ద తేడానే వస్తుంది. ఆ తేడా మీ లోపమని చిన్నబుచ్చుకోకండి. కట్ కనబడకుండా దాచడమే ఎడిటర్ పనితనం, మీరు ఆ పనితనానికి లొంగారంతే. ఆ లొంగుబాటు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికే ఈ కాగితం.

3. షాట్ల పట్టిక వేయండి

అసలు పని ఇక్కడే. తొందరపడితే తరవాతివన్నీ చెడతాయి.

నోటుబుక్కులో ఐదు నిలువు గడులు గీయండి: వరస సంఖ్య, మొదలైన సమయం, నిడివి, ఏం కనిపిస్తోంది, ఎందుకు కట్ అయింది. చివరి గడి అన్నిటికన్నా విలువైనది. మాట ముగిసిందా, పాత్ర చూపు తిప్పిందా, ఎవరైనా లేచారా, ఏదైనా శబ్దం వచ్చిందా, లేక పైకి ఏ కారణమూ లేకుండానే కట్ పడిందా? ఒకటి రెండు మాటల్లో రాయండి, చాలు.

వీఎల్‌సీలో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం కీ నొక్కితే సినిమా ఒక్కొక్క ఫ్రేమే ముందుకు కదులుతుంది. కంప్యూటర్‌లో యూట్యూబ్ చూస్తుంటే, వీడియోను ఆపి కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేము వెనక్కూ ముందుకూ వెళ్తుంది. నిడివి అర సెకను కచ్చితత్వంతో తెలిస్తే చాలు. ఒక సెకనుకన్నా చిన్న షాట్ ఎదురైతే మాత్రం ఫ్రేములు లెక్కపెట్టి 24తో భాగించండి.

కంప్యూటర్ లేదా? సినిమా టీవీలో నడవనివ్వండి, చేతిలో ఫోను స్టాప్‌వాచ్ పెట్టుకోండి. ప్రతి కట్‌కూ ‘ల్యాప్’ బటన్ నొక్కితే నిడివుల జాబితా దానంతటదే తయారవుతుంది. చెయ్యి ప్రతిసారీ కొంచెం ఆలస్యంగానే కదులుతుంది, కానీ ఆ ఆలస్యం అన్ని కట్‌లకూ దాదాపు ఒకటే కాబట్టి షాట్ల నిడివి పెద్దగా చెడదు. ఒక సెకను లోపు షాట్లు వరసగా వస్తే మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు దాదాపు అందరివీ ఒకటే. కెమెరా ఒక ముఖం మీదనుంచి మరో ముఖం మీదికి తిరిగితే దాన్ని రెండు షాట్లుగా రాసేస్తారు. అది ఒకటే షాట్, మధ్యలో కట్ లేదు. ఒక దృశ్యం కరిగి మరో దృశ్యం తేలే చోట ఎక్కడ గీత గీయాలో తెలియక వదిలేస్తారు. రెండు బొమ్మలూ సమానంగా కనిపించే ఫ్రేము దగ్గర గీయండి, ప్రతిసారీ అక్కడే గీయండి. మాట్లాడేవారి ముఖం, వినేవారి ముఖం, మళ్ళీ మాట్లాడేవారి ముఖం వస్తే మూడోదాన్ని మొదటిదాని కొనసాగింపు అనుకుని ఒకే సంఖ్య వేస్తారు. అవి మూడు షాట్లు.

ఎలా సరిచూసుకోవాలి: నిడివులన్నీ కూడండి. మొత్తం సన్నివేశం నిడివికి సమానం కావాలి. మూడు నిమిషాల్లో రెండు సెకన్ల తేడా వస్తే సర్దుకోవచ్చు. పది సెకన్ల తేడా ఉంటే ఎక్కడో ఒక షాట్‌ను మింగేశారు. ఆ తరవాత మీ స్నేహితుడిచేతనో చెల్లెలిచేతనో అదే సన్నివేశంలో షాట్లు మాత్రం లెక్కపెట్టించండి. మీ పట్టిక చూపించకండి. ఇద్దరి సంఖ్యల మధ్య ఒకటికి మించి తేడా ఉంటే కూర్చుని కలిసి చూడాల్సిందే.

4. సగటును నమ్మకండి

మొత్తం నిడివిని షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు షాట్ నిడివి వస్తుంది. సినిమా పరిశోధకులు వాడే కొలత ఇది. ఉపయోగపడుతుంది, మోసమూ చేస్తుంది. ఒక నిమిషం సన్నివేశంలో పది షాట్లున్నాయి అనుకోండి. తొమ్మిది షాట్లు రెండేసి సెకన్లు, ఒక్కటి మాత్రం 42 సెకన్లు. సగటు ఆరు సెకన్లు వస్తుంది. కానీ ఆ సన్నివేశంలో ఆరు సెకన్ల షాట్ ఒక్కటీ లేదు! అందుకే నిడివులను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో రాసి నడిమి సంఖ్య కూడా చూడండి. ఇక్కడ అది రెండు. సగటుకూ నడిమి సంఖ్యకూ మధ్య ఇంత దూరం ఉందంటే ఆ సన్నివేశం ఏదో ఒక షాట్ మీద వాలి ఉందన్నమాట. ఆ షాట్ దగ్గరికి వెళ్ళండి.

తరవాత గళ్ళ కాగితం మీద సెకనుకు ఒక గడి చొప్పున ప్రతి షాట్‌కూ ఒక నిలువు పట్టీ గీయండి, వచ్చిన వరసలోనే. బొమ్మ పూర్తయ్యాక దూరంగా పెట్టి చూడండి. పట్టీలు పోనుపోను పొట్టివవుతున్నాయా? మధ్యలో ఒకటి తాటిచెట్టులా లేచిందా? రెండో అడుగులో దాచిన కాగితం ఇప్పుడు తీయండి. కాలం నెమ్మదించినట్టు అనిపించిన చోట నిజంగా పొడవైన షాట్ ఉందా? చాలాసార్లు ఉండదు. షాట్ చిన్నదే అయినా అందులో ఎవరూ కదలకపోతే పొడవుగా తోస్తుంది. ఇది మీరే కనిపెడితే సగం పాఠం అయిపోయినట్టే.

5. బొమ్మ ఆపి వినండి

తెరను గుడ్డతో కప్పి, అదే సన్నివేశాన్ని చెవులతో మాత్రమే అనుభవించండి. శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో నిమిషం, సెకను వేసి రాయండి. ఈ జాబితాను షాట్ల పట్టిక పక్కన పెట్టండి. తరవాతి షాట్‌లోని మాట ముందు షాట్‌లోనే వినబడటం, సంగీతం కట్ దాటి నడవడం కనిపిస్తాయి. ఆ చోట్ల కట్ పడిందన్న స్పృహే ఉండదు. మీ తొలి అంచనా ఎందుకు తప్పిందో అక్కడ తెలుస్తుంది.

6. ఒకే షాట్, మూడు నిడివులు

ఇక కొలవడం మాని చేతులు పెట్టండి. ఇంట్లో ఎవరినైనా కుర్చీలో కూర్చోబెట్టి, ఏ భావమూ చూపకుండా కెమెరాకు కాస్త పక్కగా చూడమని 15 సెకన్లు తీయండి. తరవాత బల్ల మీద పెట్టిన మరో ఫోనును కూడా చిత్రీకరించండి. ఫోనులోని ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా మూడు ముక్కలు తయారుచేయండి: ఫోను రెండు సెకన్లు, తరవాత ముఖం రెండు సెకన్లు. రెండోదానిలో ముఖం ఐదు సెకన్లు. మూడోదానిలో పన్నెండు.

వేరువేరు మనుషులకు ఒక్కొక్కటే చూపించి ‘ఆమె ఏం ఆలోచిస్తోంది?’ అని అడగండి. జవాబులు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఒకరికే మూడూ చూపిస్తే మొదటిది రెండోదాన్ని పాడుచేస్తుంది.

దీని వెనక పాత కథ ఉంది. రష్యాలో సినీ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920ల ముందూవెనకల ఒక నటుడి ఒకే ముఖాన్ని వేరువేరు దృశ్యాల పక్కన పెట్టి చూపాడు. చూసినవారు ఆ ముఖంలో వేరువేరు భావాలు చదివారు. ఆయన పక్కనున్న దృశ్యాన్ని మార్చాడు, మీరు నిడివిని మారుస్తున్నారు. సిద్ధాంతం ఇంతకన్నా అక్కర్లేదు.

జవాబులన్నీ ఒకేలా వస్తే ముఖంలో భావం ఎక్కువైందని అర్థం. నటించవద్దని చెప్పి మళ్ళీ తీయండి.

7. రూపాయి బిళ్ళతో బంతిని ఎగరేయండి

యానిమేషన్ చదవాలంటే ఒక్కటైనా చేసి తీరాలి. బొమ్మలు వేయడం రాదని వెనక్కి తగ్గనక్కర్లేదు, ఇక్కడ గీసేది స్కేలుతోనే.

తెల్ల కాగితాన్ని అడ్డంగా బల్ల మీద అతికించండి. ఫోనును పైనుంచి కిందికి చూసేట్టు బిగించండి. కాగితం అడుగున నేల గీత గీయండి. నేలకు 18 సెంటీమీటర్ల ఎత్తున ఎడమ అంచు దగ్గర మొదటి చుక్క పెట్టండి. బంతి పడేటప్పుడు ఒక్కో ఫోటోకూ దిగవలసిన దూరాలు సెంటీమీటర్లలో ఇవి: 0.5, 1.5, 2.5, 3.5, 4.5, 5.5. కూడితే సరిగ్గా 18. పక్కకు మాత్రం ప్రతిసారీ ఒక్క సెంటీమీటరే జరపండి.

నేలను తాకాక బంతి 8 సెంటీమీటర్ల ఎత్తుకు లేస్తుంది: నేలనుంచి 3.5, 6, 7.5, 8. దిగేటప్పుడు 7.5, 6, 3.5, 0. రెండో గెంతు 4.5 దాకా: 2.5, 4, 4.5, మళ్ళీ 4, 2.5, 0. తరవాత 1.5, 2, 1.5, 0. చివరిగా 0.5, 0. మొదటి స్థానంతో కలిపి 27 స్థానాలు. ఒక్కో చుక్క మీద బిళ్ళ పెట్టడం, చెయ్యి తీయడం, ఫోటో తీయడం, అంతే. యాప్‌లో వేగాన్ని సెకనుకు 12 ఫోటోలకు పెట్టి నడపండి.

ఆ అంకెలు ఎక్కడివంటే, పడే వస్తువు సమాన కాలాల్లో దాటే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతాయి. పైనుంచి నేలకు ఆరు అంతరాలు, అంటే అర సెకను. నిజమైన బంతి సుమారు 1.2 మీటర్ల ఎత్తునుంచి పడటానికి పట్టే కాలం అదే. కాగితం మీద 18 సెంటీమీటర్లు ఆ 1.2 మీటర్లకు ప్రతినిధి.

ఇప్పుడు చెడగొట్టి చూడండి. దూరాలన్నీ సమానంగా, మూడేసి సెంటీమీటర్లు పెట్టి మరోసారి తీయండి. బంతి పడదు, దారానికి కట్టి దించినట్టు దిగుతుంది. ఫోటోల సంఖ్య మారలేదు, నిడివి మారలేదు, మధ్య దూరాలు మాత్రమే మారాయి. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో పనిచేసిన నార్మన్ మెక్‌లారెన్ ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య జరిగేదే యానిమేషన్‌లో ముఖ్యమని చెప్పేవారు. ఈ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట విడిగా వివరించే పని ఉండదు. తరవాత మొదటి ముక్కనే సెకనుకు ఆరు ఫోటోల వేగంతో నడపండి. అదే బిళ్ళ ఇప్పుడు బరువు కోల్పోయి గాలిబుడగలా కనిపిస్తుంది.

ఫలితం బాగాలేకపోతే ఇలా వెతకండి. బంతి నేల మీద అతుక్కుని లేస్తున్నట్టుంటే నేల స్థానం ఫోటో రెండుసార్లు తీశారు. గాల్లో పైన ఆగకుండా పదునుగా తిరుగుతుంటే శిఖరం దగ్గరి దగ్గరి స్థానాలు దాటవేశారు. బొమ్మ మినుకుమినుకుమంటుంటే కిటికీ వెలుతురు మారుతోంది, లేదా ఫోను తనంతట తానే వెలుగును సర్దుతోంది. కిటికీ మూసి దీపం వెలిగించి, ఫోకస్‌నూ వెలుగునూ లాక్ చేయండి. మొత్తం బొమ్మే వణుకుతుంటే ఫోటో బటన్ నొక్కినప్పుడు ఫోను కదులుతోంది. ఇయర్‌ఫోన్ బటన్‌తోనో టైమర్‌తోనో తీయండి.

బిళ్ళలతో విసుగొస్తే పెసరగింజలు మొలకెత్తించండి. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో తన తొలి కథాచిత్రం విడుదల చేయడానికి ముందే, బఠానీ మొక్క ఎదుగుదలను ఒక్కొక్క ఫ్రేముగా చిత్రీకరించి చిన్న చిత్రం చేశారు. మన దేశంలో ఈ అభ్యాసానికి అంత పాత వంశం ఉంది. లెక్క ఇలా వేసుకోండి: ఐదు రోజులంటే 120 గంటలు. పది నిమిషాలకు ఒక ఫోటో చొప్పున 720 ఫోటోలు. సెకనుకు 24 చొప్పున నడిపితే 30 సెకన్ల చిత్రం. ఫోను ఐదు రోజులు వదులుకోగలిగితేనే మొదలుపెట్టండి. పాత ఫోను ఉంటే మేలు. రాత్రి కూడా అదే దీపం వెలుగుతూ ఉండాలి.

8. ప్రదర్శనకు వెళ్ళండి, ఫోను జేబులో ఉంచండి

రికార్డింగ్ చూసి ప్రదర్శనను చదివానని చెప్పకండి. రికార్డింగ్‌లో కట్‌లు, దగ్గరి దృశ్యాలు ఉంటాయి. మీరు చదువుతున్నది కెమెరామన్ కాలాన్ని, నర్తకి కాలాన్ని కాదు. ఊళ్ళో కూచిపూడి, పద్యనాటకం, బుర్రకథ, తోలుబొమ్మలాట ఏది ఉంటే అది చూడండి. విదేశాల్లో ఉన్నవారికి తెలుగు సంఘాల వేడుకల్లో కూచిపూడి దొరకడం కష్టం కాదు.

నాట్యమైతే తాళంతో మొదలుపెట్టండి. ఆదితాళంలో ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు పూర్తవడానికి, ఎనిమిది అక్షరాలు (లెక్కలు): ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. తొడ మీద నెమ్మదిగా వేస్తూ చేతిగడియారం చూడండి. పది ఆవర్తనాలకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. 80 సెకన్లయితే అక్షరానికి ఒక సెకను. ఇదే కొలత మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి తీసుకోండి. అంకెలు తగ్గుతూ వస్తే లయ నిజంగానే పరుగెత్తింది.

విద్యార్థులు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. నర్తకి పాదాలు రెట్టింపు వేగంతో ఆడగానే ‘వేగం పెరిగింది’ అని రాసేస్తారు. ఒకటో కాలంలో అక్షరానికి ఒక అడుగు పడితే రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పడతాయి. తాళం మాత్రం కదలకుండా అదే నడకలో ఉంటుంది. పెరిగింది అడుగుల సాంద్రత. చూపును పాదాల మీదనుంచి తీసి, నట్టువనార్ (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించేవారు) చేతిలోని తాళాల మీద పెడితే ఈ పొరపాటు పోతుంది. దీన్ని మీ సినిమా పట్టిక దగ్గరికి తీసుకెళ్ళండి: షాట్లు పొట్టివైనంత మాత్రాన పాత్రల నడక, మాట వేగం కూడా పెరిగాయా? రెండూ వేరు లెక్కలు.

పద్యనాటకంలో కథ వేరు. నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. చప్పట్లు పడితే ఇంకాసేపు తీస్తాడు, ‘వన్స్ మోర్’ అంటే పద్యం మళ్ళీ మొదలవుతుంది. అంటే నిడివిలో కొంత వాటా ప్రేక్షకులది. పద్యానికి ఎంత, రాగానికి ఎంత, చప్పట్లకు ఎంత అని మూడు గడులు వేసి రాయండి. వీలైతే అదే నాటకాన్ని మరో ఊళ్ళో మరోసారి చూడండి. 1885లో మొదలైన సురభి నాటకాలు చూసే అవకాశం దొరికితే రంగాల మార్పిడిని గమనించండి: తెర మారడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఆలోపు ప్రేక్షకుల చెవినీ కంటినీ దేనితో నిలబెట్టారు? తోలుబొమ్మలాటలో ఆ పని కేతిగాడు, బంగారక్క అనే హాస్యపాత్రలు చేస్తాయి. రాత్రంతా సాగే ఆటలో వాళ్ళు ఎప్పుడు దూకుతారో గడియారం చూసి రాస్తే, రామాయణ కథ అలసిన చోటు మీకే తెలుస్తుంది.

చీకట్లో ఫోను వెలిగించవద్దు. ముందువరసలో కూర్చుని రాయవద్దు. చిన్న చీటీ మీద ఒకటి రెండు అక్షరాల గుర్తులు వేసుకుని, ఆట అయిన గంటలోపే విప్పి రాసుకోండి. మర్నాటికి ఆ గుర్తులు మీకే అర్థం కావు. ప్రదర్శన తరవాత కళాకారులను అడగాలనిపిస్తే, ‘మీ భావన ఏమిటి’ అని అడగకుండా ‘ఆ మౌనం అంతసేపు పట్టాలని ఎలా తెలుస్తుంది?’ అని అడగండి. మంచి జవాబులు వస్తాయి.

9. మూడింటినీ కలిపే ఒక పనిని చదవండి

తైవాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన కళాకారుడు తెచింగ్ షే 1980 ఏప్రిల్‌లో ఒక పని మొదలుపెట్టాడు. తన స్టూడియోలో ఫ్యాక్టరీ హాజరు గడియారం పెట్టుకుని, ఏడాదిపాటు, రాత్రింబవళ్ళు, ప్రతి గంటకూ కార్డు గుద్దాడు. గుద్దినప్పుడల్లా సినిమా కెమెరాతో ఒకే ఒక్క ఫ్రేము తీశాడు. మొదట గుండు చేయించుకున్నాడు, జుట్టు పెరగడమే కాలానికి సాక్ష్యంగా.

లెక్క మీరే వేయండి. ఏడాదికి 8,760 గంటలు. 133 సార్లు తప్పిపోయాడు. మిగిలినవి 8,627. వాటిని 24తో భాగిస్తే 359 సెకన్ల పైచిలుకు, దాదాపు ఆరు నిమిషాలు. చేసినప్పుడు అది ప్రదర్శన, తీసిన పద్ధతి యానిమేషన్, మిగిలింది సినిమా. దీనికి ఎదురుకొసన అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ 1964లో ఒక ఆకాశహర్మ్యాన్ని రాత్రివేళ కదలకుండా ఆరు గంటలకు పైగా సెకనుకు 24 ఫ్రేములతో చిత్రీకరించి, 16 ఫ్రేముల వేగంతో ప్రదర్శింపజేశాడు. చిత్రం ఎనిమిది గంటలకు సాగింది. ఒకరు ఏడాదిని ఆరు నిమిషాలు చేస్తే మరొకరు ఒక రాత్రిని ఇంకా పొడిగించారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే భాగహారం.

చిన్నగా మీరూ చేయండి. ఒక సెలవురోజు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంట కొట్టగానే ఒకే గోడ ముందు నిలబడి ఒక ఫోటో. మొత్తం 17. సెకనుకు 12 చొప్పున నడిపితే ఒకటిన్నర సెకను కూడా ఉండదు. ఏ గంట తప్పిపోయారో, ఎందుకో రాయండి. తప్పిన ఫోటోను తరవాత తీసి అతికించకండి, ఆ ఖాళీ కూడా పనిలో భాగమే. రాత్రి నిద్ర మానుకునే పంతాలు వద్దు.

10. ఒక్క పేజీ రాయండి

ప్రతి పరిశీలననూ మూడు భాగాలుగా రాయండి: కొలత, ప్రభావం, కారణం.

పనికిరాని వాక్యం: ‘దర్శకుడు మౌనాన్ని అద్భుతంగా వాడుకున్నారు.’ పనికొచ్చే వాక్యం: ‘అప్పటిదాకా షాట్లు మూడు నాలుగు సెకన్లే. తండ్రి లేచి వెళ్ళాక ఖాళీ కుర్చీ మీద షాట్ 11 సెకన్లు నిలిచింది. మొదటి నాలుగు సెకన్లు ఆయన తిరిగి వస్తాడేమోనని చూశాను, తరవాత రాడని తెలిసింది. ఫ్యాన్ శబ్దం తప్ప సంగీతం లేకపోవడం వల్ల ఆ నిరీక్షణ నా మీదే పడింది.’ రెండోదాన్ని మరొకరు గడియారం పెట్టి కాదనగలరు. మొదటిదాన్ని ఎవరూ కాదనలేరు, అందుకే అది పనికిరాదు.

పేజీ పూర్తయ్యాక ‘అద్భుతం’, ‘హృద్యం’, ‘వేగవంతం’ లాంటి మాటల కింద గీత గీయండి. ప్రతి గీతకూ పక్కన ఒక అంకె ఉందా? లేకపోతే ఆ మాట కొట్టేసి పట్టిక దగ్గరికి తిరిగి వెళ్ళండి. అలాగని అంకెలతోనే పేజీ నింపితే అది ఖాతాపుస్తకం అవుతుంది. ప్రభావం చెప్పని అంకెను కూడా తీసేయండి.

ఇంటర్వ్యూకు వెళ్ళేవారు శుభ్రంగా తిరగరాసిన ప్రతితోపాటు కొట్టివేతలున్న అసలు నోటుబుక్కునూ తీసుకెళ్ళండి. తొలి అంచనా కాగితం, బిళ్ళతో తీసిన రెండు ముక్కలు, మూడు నిడివుల ముఖానికి వచ్చిన జవాబులు అందులోనే ఉంచండి. తారీఖులు వేయడం మరవద్దు. ఏ ప్రతి చూసి కొలిచారో, అది సెకనుకు ఎన్ని ఫ్రేముల ప్రతో మొదటి పేజీలోనే రాయండి. తెలిసినవారు అడిగే మొదటి ప్రశ్న అదే.